వేగం కోసం కాపలా తీసేస్తే
ఆటలు జోరందుకోవాలని వర్చువలైజేషన్‌ను ఆపేసే ముందు పోయేదేమిటో చూసుకోవాలి

చేపల రేవు జంగ్లీఘాట్‌లో తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం)లోని ఈ పేటకు ఒకప్పుడు ఇంటర్నెట్ అంటే ఉపగ్రహం దయ. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కి.మీ. సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక నెట్ పరుగందుకుంది. ఇంటి కంప్యూటర్‌లోకి ఆన్‌లైన్ ఆటలు, బ్యాంకు లావాదేవీలు, వాటి వెంట ముప్పులూ వచ్చాయి. ఆట నత్తనడక నడుస్తోందనగానే కుర్రకారుకు ఎక్కడైనా వినిపించే సలహా ఒకటుంది: 'బయోస్‌లో వర్చువలైజేషన్ ఆపెయ్.' మరి ఆపొచ్చా?

ఒకే కంప్యూటర్‌లో గోడలు కట్టి, ఒక గదిలో జరిగేది మరో గదికి తెలియకుండా చేసే సదుపాయమిది. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో దీన్ని ప్రాసెసర్లలోకి తెచ్చాయి. అప్పట్లో ఇళ్లలో దీంతో పెద్దగా పనిలేదు. పైగా 2006లో పోలండ్ పరిశోధకురాలు జొవానా రుత్కోవ్‌స్కా 'బ్లూ పిల్' ప్రదర్శనతో గుబులు పుట్టించారు. ఈ సదుపాయాన్నే వాడుకుని దొంగ ప్రోగ్రామ్ విండోస్ అడుగున తిష్ఠ వేయగలదని చూపారు. అవసరం లేకుంటే ఆపేయమన్న సలహాకు ఆనాడు అర్థముంది.

ఇప్పుడు లెక్క మారింది. 2021లో వచ్చిన విండోస్ 11, కొత్త కంప్యూటర్లలో ఆ అడుగు చోటును ముందే తన కాపలాదారుకు అప్పగిస్తోంది. నమ్మకం లేని డ్రైవర్లు విండోస్ గుండెకాయలోకి చొరబడకుండా చూసే 'మెమరీ ఇంటెగ్రిటీ' దీని మీదే ఆధారపడింది. బయోస్‌లో ఆపేస్తే ఆ కాపలాదారు నిలబడే చోటే ఉండదు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్లు కుంటుతాయి. ఇంజినీరింగ్ విద్యార్థులు వాడే డాకర్ మొరాయిస్తుంది.

వేగం వాదన ఉత్తదేమీ కాదు. మెమరీ ఇంటెగ్రిటీ వల్ల కొన్ని ఆటలు నెమ్మదించవచ్చని, కావాలంటే ఆడేటప్పుడు ఆపి తర్వాత మళ్లీ ఆన్ చేసుకోవాలని 2022లో మైక్రోసాఫ్టే చెప్పింది. ఆపినంతసేపూ ముప్పు ఉంటుందనీ హెచ్చరించింది. అయితే ఆ మీట విండోస్ సెక్యూరిటీలో 'కోర్ ఐసోలేషన్' కింద ఉంటుంది. దాని కోసం బయోస్ జోలికి పోనక్కర్లేదు.

ఆటలకే కేటాయించిన కంప్యూటరైతే ఆ మీటతో ప్రయోగం చేసుకోవచ్చు. కానీ చాలా ఇళ్లలో ఉండేది ఒక్కటే. కొడుకు ఆడుకునే దాంట్లోనే తండ్రి బ్యాంకు ఖాతా చూసుకుంటాడు. అలాంటి చోట నాలుగు ఫ్రేముల వేగం కోసం కాపలా తీసేయడం గిట్టుబాటు బేరం కాదు.