'నున్' అంటే మన 'నున్' కాదు సుమండీ!

కొరియా సీరియల్ చూస్తూ, కింద పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాలు అందుకోలేక సగం కథ గాలికొదిలేస్తున్నవాళ్లు మీలో ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు, నేనూ ఆ బాపతే. సాలూరులో డిగ్రీ రెండో ఏడు వెలగబెడుతున్న మా మేనకోడలైతే ఇక లాభం లేదని కొరియన్ నేర్చుకోవడానికే కూర్చుంది. పనిలో పనిగా నన్నూ కూర్చోబెట్టింది.

అక్షరాలు వారంలో పట్టుబడ్డాయి. పామరులకు కూడా చదువు రావాలని సెజోంగ్ మహారాజు 1446లో ప్రకటించిన లిపి అది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. తర్వాత వచ్చాయండీ అసలు విలన్లు, 'జొసా'లు! మాట చివర అతుక్కునే బుల్లి ముక్కలు. ఇంగ్లీషులో ఉన్న పాఠం తెరిస్తే టాపిక్ మార్కర్, సబ్జెక్ట్ మార్కర్, ఆబ్జెక్ట్ మార్కర్... పిల్ల ఫోను పక్కన పడేసింది. "నాకు ఇంగ్లీషే అంతంతమాత్రం మావయ్యా. ఇంక ఇది నావల్ల ఏటవుద్ది?" అంది.

ఆ మాట నాకు చురుక్కుమంది. కొరియన్ రాకపోవడానికీ ఇంగ్లీషు రాకపోవడానికీ ఏమిటండీ సంబంధం? ఇంగ్లీషువాడు 'టు', 'ఇన్', 'ఫ్రమ్' అన్నీ మాటకి ముందు పెడతాడు. కనక వెనకాల తోకలు కనిపిస్తే కంగారు పడతాడు, పేజీలకి పేజీలు వివరించుకుంటాడు. మనకెందుకా కంగారు? కి, కు, లో, తో అంటూ పుట్టినప్పటినుంచీ తోకలు తగిలిస్తూనే ఉన్నాం. బడిలో 'డు ము వు లు ప్రథమా' అని గొంతెత్తి అరిచిన విభక్తులు ఇవే మరి! వాక్యం వరస కూడా మనదే. 'నేను, అన్నం, తింటాను' అన్న క్రమంలోనే 'నా-నున్ బాబ్-ఉల్ మొగొయొ' అంటారు వాళ్లు. 'బాబ్' అన్నం, 'ఉల్' మన ద్వితీయా విభక్తి.

ఇంకో తమాషా. మనం 'హరికి' అంటాం, 'రాముకు' అంటాం. ఎందుకు? ముందున్న అచ్చుని బట్టి తోక మారుతుంది. వాళ్లకీ అంతే. మాట హల్లుతో ముగిస్తే 'ఉన్, ఇ, ఉల్', అచ్చుతో ముగిస్తే 'నున్, గా, రుల్'. మన మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి సాలూరుకి రెండో జట్టే: సాలూరు-నున్, సాలూరు-గా, సాలూరు-రుల్.

ఇంత పోలిక చూసి మోసపోయిన పెద్దలూ ఉన్నారు. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ పంతులు 1905లో కొరియన్‌కీ మన ద్రావిడ భాషలకీ పోలిక చూపిస్తూ ఏకంగా వ్యాకరణ గ్రంథమే రాశాడు. నేటి భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోరు. సరే, చుట్టాలు కాకపోతేనేం, ఇరుగుపొరుగులా పనికొస్తే చాలు.

అయితే పొరపడే చోట్లూ ఇక్కడే ఉన్నాయి. ద్వితీయా విభక్తిలో మనకీ 'నున్' ఉంది చూశారూ? వాళ్ల 'నున్' అది కాదు! 'నా-నున్' అంటే 'నన్ను' అనుకున్నారో, అన్నం మిమ్మల్ని తినేసినట్టే. అది 'నేనైతే', 'నా సంగతంటారా' లాంటిది. మా విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో 'నేను'ని 'నాను' అంటారు కదా, అది తలుచుకోండి, మరి మర్చిపోరు. అలాగే 'గా'. 'కృష్ణుడిగా ఎన్టీఆర్' అని టైటిల్ కార్డుల్లో చదివిన కళ్లకి 'చిరంజీవి-గా వస్సొయొ' అంటే ఎవరో చిరంజీవి వేషం కట్టుకొచ్చినట్టుంటుంది. కాదు, చిరంజీవే వచ్చాడు!

ఈ 'నున్', 'గా'ల తేడా దగ్గరే అందరూ బోల్తా పడతారు. రెంటినీ మనం ఒక్క 'చిరంజీవి వచ్చాడు'తో సరిపెట్టి మిగతాది గొంతుకి వదిలేస్తాం. మా పిల్లకి సినిమా భాషలో చెప్పాను. తలుపు తెరుచుకుంది, ఎవరొచ్చారు? చిరంజీవి! హాలంతా ఈలలు. ఈ ఎంట్రీ సీనుకి 'గా'. తర్వాత ఆయన తెరమీదే ఉన్నాడు, ఇప్పుడేం చేస్తాడన్నదే మన గోల. అప్పుడు 'నున్'. కథలు చెప్పే తీరూ ఇదే. 'అనగనగా ఒక రాజు' అన్నప్పుడు రాజుకి 'ఇ', 'ఆ రాజు' దగ్గరికొచ్చేసరికి 'ఉన్'. ఇద్దరిని పోల్చాలన్నా 'నున్' జట్టే. 'చిరంజీవి-నున్ వస్సొయొ' అంటే 'చిరంజీవైతే వచ్చాడు', మిగతావాళ్ల సంగతి దేవుడెరుగు అని. పిల్ల ఫోను మళ్లీ చేతిలోకి తీసుకుంది.

పాఠాలకంటే సినిమా పేర్లు మేలని ఇద్దరం తేల్చుకున్నాం. హాంగ్ సాంగ్‌సూ 2015లో తీసి లొకార్నోలో పెద్ద బహుమతి కొట్టిన చిత్రం పేరు 'చిగుమ్-ఉన్ మత్కొ గుత్తే-నున్ తుల్లిదా'. ఇప్పుడైతే రైటు, అప్పుడైతే తప్పు! పోలిక పాఠమంతా ఆ పోస్టరు మీదే ఉంది. పార్క్ చాన్‌వూక్ 2002 నాటి 'పొక్సు-నున్ నా-ఎ గొత్', 'పగ అన్నది నాది'. మన మాస్ హీరోకి అతికినట్టు సరిపోయే పేరు. అందులో 'ఎ' అంటే 'యొక్క'. మనం మాటల్లో 'యొక్క'ని ఎలా మింగేస్తామో వాళ్లూ అలాగే మింగేస్తారు. 'మా అమ్మ'ని 'ఊరి ఒమ్మా' అంటారు, 'ఊరి' అంటే మా. ఒక్కడే కొడుకైనా సరే 'నా అమ్మ' అనడు, మనలాగే! 2009లో కుర్రకారుని ఊపేసిన 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్' అసలు పేరు 'క్కొత్‌-బొదా నమ్‌జా'. పువ్వుకంటే మగాడు. 'బొదా' అచ్చంగా మన 'కంటే'.

నిజంగా సతాయించేవి 'ఎ', 'ఎసొ'. (ఈ 'ఎ' వేరు లెండి, రాతలోనే తేడా.) 'సాలూరు-ఎ కాయొ' అంటే సాలూరుకి వెళ్తాను. 'సాలూరు-ఎ ఇస్సొయొ' అంటే సాలూరులో ఉన్నాను. సినిమా చూడ్డంలాంటి పని ఏదైనా చేస్తే మాత్రం 'సాలూరు-ఎసొ'. పోనీ అంతటితో ఆగుతుందా? సాలూరు నుంచి వచ్చానన్నా 'సాలూరు-ఎసొ'నే! మన 'లో'ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కకి 'కి'నీ రెండో ముక్కకి 'నుంచి'నీ అంటగట్టారు. దీనికి కిటుకు లేదు, కంఠస్థమే.

కష్టమంటారా? ఒడిశా సరిహద్దున ఉన్న సాలూరులో లారీ ఎక్కే కుర్రాడు ఏ మార్కరూ తెలీకుండా ఒడియా దంచేస్తాడు. పర్లాకిమిడిలో బడిపంతులు గిడుగు రామమూర్తిగారు సవరవాళ్ల నోటి మాట విని సవర నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. మన తోవ అలాంటిది, మధ్యలో ఇంగ్లీషు చెక్‌పోస్టు లేదు.

మొన్న మా పిల్ల 2002 నాటి పాత సినిమా ఒకటి పట్టుకొచ్చింది. పట్నం కుర్రాణ్ణి కొండపల్లెలో మూగ అవ్వ దగ్గర వదిలేసి తల్లి వెళ్లిపోతుంది, అదీ కథ. ఇంగ్లీషులో 'ది వే హోమ్' అన్నారు. అసలు పేరు 'చిబురో...' అంతే. 'చిప్' ఇల్లు, 'ఉరో' తోక. కర్త లేదు, క్రియ లేదు. ఎవరు వెళ్తున్నారో, ఎవరింటికో చెప్పలేదు. "తెలుగులో ఏమంటావే?" అన్నాను. ఇంగ్లీషు పేరు వైపు చూడనైనా చూడకుండా చెప్పింది:

"ఇంటికి..."