సర్టిఫికెట్ కోసం ఆడితే ఆటా రాదు.. ఉద్యోగమూ రాదు!

విశాఖలో ఈ మధ్య కాలేజీల బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఏదైనా మొదటి నుంచి చివరిదాకా చూశారా? చూసి ఉంటే మీకూ ఒక సంగతి తట్టే ఉంటుంది. కుర్రాళ్లు మునుపటికంటే పొడుగ్గా ఉన్నారు. బూట్లు బాగున్నాయి, జెర్సీలు మెరుస్తున్నాయి. ఆట మాత్రం పలచబడింది. బంతి చేతికి రాగానే తల దించుకుని డ్రిబుల్ చేసుకుంటూ పోతారు. ఇద్దరు అడ్డొస్తే అంత దూరం నుంచే విసిరేస్తారు. అది రింగును కూడా తాకదు. పక్కన ఖాళీగా నిలబడి చెయ్యెత్తిన తోటి ఆటగాడి వైపు చూపే పోదు. కుడిచేతి వాటం వాళ్లలో ఎడమ చేత్తో లేఅప్ వేయగలిగేవాళ్లు జట్టుకు ఒకరో ఇద్దరో. ఫ్రీ త్రో అంటే ఎవరూ అడ్డురాకుండా, అయిదు సెకన్లు చేతిలో ఉంచుకుని వేసే షాట్. అదీ పోతోంది. నాలుగో క్వార్టర్ వచ్చేసరికి సగం మంది పరుగు మానేసి నడుస్తుంటారు.

‘ఏముందండీ, ఫోన్లొచ్చి పిల్లల్ని పాడుచేశాయి’ అనేది పెద్దల మాట. అందులో సగమే నిజం. నా దృష్టిలో అసలు రోగం వేరే. మన కాలేజీల్లో చాలా జట్లు తయారవుతున్నది ఆట కోసం కాదు, సర్టిఫికెట్ కోసం. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు ఇది క్రీడా పేజీ గొడవలా అనిపించొచ్చు. కానీ నష్టపోతున్నది మీరే. ఎందుకో చూద్దాం.

వారం రోజుల జట్టు

చాలాచోట్ల జరిగే తంతు ఇదీ. యూనివర్సిటీ నుంచి ఇంటర్ కాలేజియేట్ పోటీల సర్క్యులర్ వస్తుంది. పీడీ సారు క్లాసులన్నీ తిరిగి పొడుగ్గా కనిపించిన వాళ్లను పిలుస్తారు. ఒకరు వాలీబాల్ ఆడేవారు, ఒకరు స్కూల్లో ఎప్పుడో ఆడి వదిలేసినవారు, ఒకరు అసలు బంతే పట్టనివారు. నాలుగు రోజులు ప్రాక్టీస్, ఒక నాకౌట్ మ్యాచ్, ఓటమి, గ్రూప్ ఫొటో, చేతిలో పార్టిసిపేషన్ సర్టిఫికెట్. అమ్మాయిల జట్టు పరిస్థితి ఇంకా ఘోరం. మహిళల ఆటకు 6వ సైజు బంతి కావాలి. అబ్బాయిల 7వ సైజు బంతితోనే వాళ్లను కానిచ్చేయమనే కాలేజీలు లేకపోలేదు.

దీని వెనక కాలేజీలకూ ఒక అవసరం ఉంది. న్యాక్ గుర్తింపు కోసం ఇచ్చే నివేదికల్లో విద్యార్థుల పతకాలు, పాల్గొన్న క్రీడా కార్యక్రమాల లెక్క చూపాలి. అడగడంలో తప్పు లేదు. కానీ ‘పాల్గొన్నారు’ అనే గడి నింపడానికి బాగా ఆడాల్సిన పనిలేదు, బరిలో కనిపిస్తే చాలు. కాలేజీకి అంకె దొరుకుతుంది, మీకు కాగితం దొరుకుతుంది. ఆట ఎవరికీ దొరకదు.

మన ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేస్‌లున్నాయి. ఆర్డర్ వచ్చిన వారం వెలిగించి, సరుకు పంపాక ఆర్పేసుకునే పొయ్యిలు కావవి. జట్టూ అంతే. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కోర్టు. బంతి దక్కాక ఎనిమిది సెకన్లలో సగం గీత దాటాలి, 24 సెకన్లలో షాట్ వేయాలి. ఆ కాస్త టైములో అయిదుగురు ఒకే ఆలోచన చేయాలంటే నెలల తరబడి కలిసి ఆడి ఉండాలి. నాలుగు రోజుల్లో పేర్లు కూడా సరిగ్గా గుర్తుండవు.

ఇంటర్‌లో తెగిన దారం

ఇంకో కారణం కాలేజీకి ముందే మొదలవుతుంది. పదో తరగతి దాకా స్కూల్లో ఆడిన పిల్లలు ఇంటర్‌లో చేరగానే ఆటకు దూరమవుతారు. చాలా కార్పొరేట్ జూనియర్ కాలేజీలు నడిచేది బహుళ అంతస్తుల భవనాల్లో. గ్రౌండు ఉండదు. ఉన్నా పొద్దున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజులో దానికి చోటుండదు. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య ఒళ్లు ఎదుగుతుంది, ఆట కుదురుకుంటుంది. సరిగ్గా ఆ రెండేళ్లే పోతున్నాయి. బీటెక్, డిగ్రీ మొదటి సంవత్సరంలో కోర్టులోకి దిగే కుర్రాడి ఎత్తు ఆరడుగులు, ఆట మాత్రం తొమ్మిదో తరగతిది. ఆ తర్వాత సెమిస్టర్లు, ల్యాబులు, బ్యాక్‌లాగులు, ఇంటర్న్‌షిప్‌లు. నాలుగేళ్ల చదువులో నికరంగా రెండు సీజన్లు మిగిలితే గొప్ప.

తల్లిదండ్రుల్ని తప్పు పట్టి లాభం లేదు. ర్యాంకు రాకపోతే సీటు రాదనే భయం ఉత్తుత్తిది కాదు. కానీ ఆ భయం తీరాక కూడా, అంటే సీటు వచ్చాక కూడా, ఆటను పరీక్షల మధ్య ఖాళీలో ఇరికించే పనిగా చూడటం మాత్రం మన తప్పే.

రీల్‌లో కనిపించనిది

ఇక ఫోన్ల సంగతి. స్టీఫెన్ కర్రీ 2021 డిసెంబర్‌లో ఎన్‌బీఏ చరిత్రలోనే ఎక్కువ త్రీ పాయింటర్లు వేసిన ఆటగాడయ్యాడు. అతని షాట్లు చూసి మన కుర్రాళ్లంతా గీత బయటి నుంచే మొదలుపెడుతున్నారు. రీల్‌లో కనిపించేది పదిహేను సెకన్ల షాట్. దాని వెనక రోజూ వేసిన వందల షాట్లు కనిపించవు.

లెక్క వేసుకోండి. 6.75 మీటర్ల దూరం నుంచి పది షాట్లు వేస్తే రెండు పడ్డాయనుకుందాం. వచ్చేది ఆరు పాయింట్లు. అవే పది ప్రయత్నాలు రింగు దగ్గర చేస్తే అయిదు పడినా పది పాయింట్లు. పైగా దగ్గరికి చొచ్చుకెళితే అవతలివాళ్లు ఫౌల్ చేస్తారు. ఒక క్వార్టర్‌లో ఒక జట్టు అయిదో ఫౌల్ నుంచి ఎదుటివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు ఇవ్వాల్సిందే. ఇంత చిన్న లెక్క తెలియక కాదు, రింగు దగ్గర ఎడమ చేత్తో వేయడం, ఒరుసుకుని నిలబడటం నేర్చుకోలేదు కాబట్టే దూరం నుంచి విసురుతున్నారు. త్రీ పాయింటర్ మన దగ్గర తెగింపు కాదు, తప్పించుకునే దారి.

కాగితం విలువ ఎంత?

ఇప్పుడు మీకు కావాల్సిన అసలు విషయానికి వద్దాం. పోర్టు, రైల్వే, ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరు మనది. ‘బాగా ఆడితే కోటాలో ఉద్యోగం’ అనే మాట ఇక్కడి ఇళ్లలో తరాలుగా ఉంది. కాలం మారింది. ఉక్కు కర్మాగారంలో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం 2021 జనవరిలో నిర్ణయం తీసుకుంది. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినా, అక్కడ కొత్త నియామకాల కంటే వీఆర్‌ఎస్ మాటే ఎక్కువగా వినపడింది.

అలాగని దారులన్నీ మూసుకుపోలేదు. కేంద్ర ప్రభుత్వ శాఖలు గ్రూప్-సి ప్రత్యక్ష నియామకాల్లో 5 శాతం వరకు ప్రతిభ గల క్రీడాకారులతో నింపుకోవచ్చు. ఆ జాబితాలో బాస్కెట్‌బాల్ ఉంది. మన రాష్ట్రంలో 2024-29 క్రీడా విధానంతో ఉద్యోగాల్లో క్రీడా కోటా 2 నుంచి 3 శాతానికి పెరిగింది. మెగా డీఎస్సీ-2025లో ఈ కోటా కింద 421 పోస్టులు కేటాయించారు.

కానీ షరతు చదవండి. కేంద్ర నిబంధనల ప్రకారం కాలేజీ విద్యార్థి కనీసం తన యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడి ఉండాలి, లేదా రాష్ట్రానికో దేశానికో ప్రాతినిధ్యం వహించి ఉండాలి. యూనివర్సిటీ స్థాయి ధ్రువపత్రం ఇవ్వాల్సింది అక్కడి క్రీడా విభాగం అధిపతి. అంటే కాలేజీ జట్టులో ఆడిన ఇంటర్ కాలేజియేట్ సర్టిఫికెట్ ఒక్కటే చేతిలో ఉంటే ఈ తలుపు తెరుచుకోదు. యూనివర్సిటీ జట్టులో ఉండేది పన్నెండు మంది. ఆంధ్రా యూనివర్సిటీ అయినా, ఉత్తరాంధ్ర ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలావాటికి ఆధారమైన విజయనగరం జేఎన్‌టీయూ-గురజాడ అయినా, అన్ని కాలేజీల నుంచి కలిపి తీసుకునేది ఆ పన్నెండు మందినే. అక్కడి నుంచి సౌత్ జోన్, ఆలిండియా, ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్.. మెట్టు ఎక్కేకొద్దీ కాగితం బరువు పెరుగుతుంది. వారం రోజుల జట్టు మొదటి మెట్టు మీదే జారిపోతుంది.

కోటా ఊసు వదిలేసి ప్రైవేటు ఉద్యోగమే చూసుకుందామన్నా కథ ఇంతే. రెజ్యూమెలో ‘కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు సభ్యుడు’ అని రాస్తారు. ‘జట్టులో మీ పాత్ర ఏంటి? వెనకబడినప్పుడు ఏం చేశారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే? నిజంగా ఆడినవాళ్లు అయిదు నిమిషాలు ఆగకుండా చెబుతారు. ఫొటో కోసం నిలబడ్డవాళ్లు నీళ్లు నములుతారు. ఎదుటివాళ్లకు ఆ తేడా చిటికెలో తెలిసిపోతుంది.

భిలాయ్ ఏం చేసింది?

‘వసతుల్లేవు, ఏం చేస్తాం’ అనుకునేవాళ్లు మనలాంటి ఇంకో ఉక్కు నగరం, ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ వైపు చూడాలి. అక్కడి స్టీల్ ప్లాంట్‌లో పనిచేసిన రాజేశ్ పటేల్ అనే కోచ్ పంత్ స్టేడియంలో ఏళ్ల తరబడి అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పారు. 2000లో పుట్టిన చిన్న రాష్ట్రం జాతీయ పోటీల్లో పతకాల మీద పతకాలు గెలిచింది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు భారత జట్టుకు ఆడారు, చాలామందికి రైల్వేలో ఉద్యోగాలొచ్చాయి. వాళ్లలో ఎక్కువమంది సామాన్య కుటుంబాల పిల్లలే. ఆయన 2018లో కన్నుమూశారు. భిలాయ్‌లో పనిచేసింది మాయామంత్రం కాదు. రోజూ ఒకే వేళకు ఒకే కోర్టుకు రావడం, అంతే.

మీ చేతిలో ఉన్నది

ప్రతి కాలేజీకీ ఒక రాజేశ్ పటేల్ దొరకకపోవచ్చు. కోర్టు సిమెంటుదే కావచ్చు, వానొస్తే ఆట ఆగిపోవచ్చు. అయినా మీరు చేయగలిగినవి ఉన్నాయి.

మొదటిది, వారానికి మూడు రోజులు పొద్దున్నే గంట. ఎండ ముదరకముందే అయిపోతుంది, క్లాసూ పోదు. అందులో పది నిమిషాలు ఎడమ చేత్తో లేఅప్‌లు. తర్వాత యాభై ఫ్రీ త్రోలు. ఎన్ని పడ్డాయో రోజూ రాసుకోండి. నెల తర్వాత ఆ అంకె మీ ఆట ఎలా ఉందో ఎవరికంటే బాగా చెబుతుంది.

రెండోది, సగం కోర్టులో ముగ్గురేసి ఆడండి, ఒక షరతుతో: డ్రిబుల్ చేయకూడదు, పాస్ మాత్రమే. మొదట చిరాకొస్తుంది. రెండు వారాలయ్యాక తోటివాడు ఎక్కడున్నాడో చూడకుండానే తెలుస్తుంది. పన్నెండు మంది దొరకని కాలేజీకి 3×3 ఆట ఎలాగూ ఉంది. టోక్యో నుంచి అది ఒలింపిక్ క్రీడ. జట్టుకు నలుగురు చాలు.

మూడోది, సెమిస్టర్ మొదటి వారంలోనే మీ పీడీ సారును కలవండి. సెలక్షన్స్ సర్క్యులర్ వచ్చాక కాకుండా ఇప్పుడే పెట్టమనండి. యూనివర్సిటీ సెలక్షన్లు ఎప్పుడో, ఏ పత్రాలు కావాలో అడగండి. అడిగేవాళ్లు లేకే చాలా పనులు ఆగిపోతాయి. అమ్మాయిలు కూడా కలిసి వెళ్లి తమ బంతి, తమ టైము అడిగి తీసుకోవాలి. ఊళ్లో రైల్వేలో, పోర్టులో, బ్యాంకుల్లో పనిచేస్తున్న పాత ఆటగాళ్లున్నారు. సాయంత్రాలు రమ్మని పిలిస్తే వచ్చేవాళ్లూ ఉంటారు. తమకంటే గట్టివాళ్లతో ఆడితేనే ఎవరి ఆటైనా పెరుగుతుంది.

కాలేజీ యాజమాన్యాలకూ ఒక మాట. ఏడాదికి పది క్రీడల్లో పాల్గొన్నామని చెప్పుకోవడం కంటే రెండు క్రీడల్లో మంచి జట్లను నిలబెట్టండి. న్యాక్ నివేదికలో పతకాల గడి కూడా ఉంది, అది ఖాళీగా ఉంటే బాగోదు.

ఇదంతా చేస్తే అందరికీ ఉద్యోగం వస్తుందా? రాదు. యూనివర్సిటీ జట్టులో పన్నెండు చోట్లే ఉన్నాయి, కోటాలో పోస్టులు అంతకంటే అరుదు. కానీ వారం జట్టులో చేరితే ఆ పోటీలో మీ పేరే ఉండదు. ఎలాగూ కాలేజీ పేరున్న జెర్సీ వేసుకుంటున్నారు. దాన్ని ఫొటోకు మాత్రమే వాడకండి. సర్క్యులర్ ఎప్పుడొస్తుందా అని చూడకుండా రేపు పొద్దున ఆరింటికి నలుగురిని లేపి కోర్టుకు తీసుకెళ్లండి.