వినువారి కొలతలో మాట్లాడుడు

ఎకరాకు 30 బస్తాల ధాన్యము పండించవచ్చునని ఒక వక్త సభలో చెప్పినాడనుకొనుడు. కోస్తా జిల్లాలలో బస్తా యనగా 75 కిలోలు. అక్కడి రైతు దానిని 22½ క్వింటాళ్లుగా లెక్క కట్టుకొనును. తెలంగాణలో కొనుగోలు కేంద్రమునకు పోవు బస్తా 40 కిలోలు. ఇక్కడి రైతు లెక్కలో అది 12 క్వింటాళ్లే. "ఈ మాత్రం పండించడానికి ఈయన చెప్పాలా?" అని అతడు పక్కవానితో గొణుగును. వక్త అబద్ధమాడలేదు. ఎవరితో మాట్లాడుచున్నాడో తెలిసికొనలేదు, అంతే.

రైతు సోదరులారా, గ్రామాధికారులారా! మీలో చాలమందికి నేడు నలుగురిలో మాట్లాడవలసిన పని పడుచున్నది. తెలంగాణలో మొదటి రైతు వేదిక 2020 అక్టోబరు 31న కొడకండ్లలో ప్రారంభమైనది. అటు తరువాత రాష్ట్రమంతట 2,600 వరకు వేదికలు లేచినవి. కుర్చీలకు, మైకులకు కొదువ లేదు. కార్యాలయములో ఒకమారు వ్రాసుకొన్న ఉపన్యాసమునే ప్రతి ఊరిలోను అప్పగించుచున్నారు. లోపము అక్కడ ఉన్నది.

ఎరువుల సంగతి చూడుడు. "వరికి ఎకరాకు 48 కిలోల నత్రజని" అని చెప్పి వక్త కూర్చున్నాడనుకొనుడు. రైతు దుకాణములో నత్రజనిని అడుగడు, యూరియాను అడుగును. ఇప్పటి యూరియా బస్తా 45 కిలోలు; అందులో నత్రజని నూటికి 46 పాళ్లు, అనగా బస్తాకు 21 కిలోలకు కొంచెము తక్కువ. కావున 48 కిలోలకు రెండుంబావు బస్తాలకు కొంచెము పైన పట్టును. అతడు దమ్ములోనే ఒక బస్తా డి.ఎ.పి. వేసి యున్న యెడల దానితోనే 9 కిలోలు పడినవి. ఇక రెండు బస్తాల లోపు యూరియాయే చాలును. ఈ లెక్క వక్త చేయకున్న రైతే చేసికొనవలెను. చేసికొనలేనివాడు, పోనీ అని మూడవ బస్తా కూడ తెచ్చి వేయును. పైరు నల్లగా ఏపుగా పెరిగి, దోమ పట్టి, పడిపోవును. ఆ నష్టములో వక్తకు భాగము లేదందురా?

మాట కూడ కొలత వంటిదే. తెలంగాణ పల్లెలలో పొలమనిన వరి పండు నేల; మెట్ట నేలను చెలక యనియో, చేను అనియో అందురు. కోస్తా నుండి వచ్చినవారు పత్తి పొలమనిన ఇక్కడి వృద్ధులకు నవ్వు వచ్చును. ఇక్కడ గుంటలు, అక్కడ సెంట్లు. ఎకరాకు 40 గుంటలు, 100 సెంట్లు. ఇవి చిన్న విషయములని త్రోసివేయువారు ఒకమారు సభ వెనుక వరుసలో కూర్చుండి చూడవలెను.

ఊళ్లో వినువారు ఇంచుమించు ఒక తీరువారే. నగరములో పని ఇంకను కష్టము. హైదరాబాదులో బోరబండనే తీసికొనుడు. హైటెక్ సిటీ, భరత్‌నగర్ రైలు స్టేషన్ల నడుమ ఉన్నది. ఒక వైపు కంప్యూటరు కంపెనీలు, మరొక వైపు సనత్‌నగర్ కార్ఖానాలు. ఒకే గల్లీలో తెలుగును వినవచ్చును, ఉర్దూను వినవచ్చును. పల్లె విడిచి బ్రతుకుతెరువుకై వచ్చినవారు కనబడుదురు. అక్కడ మిద్దె మీద కూరగాయల పెంపకము గురించి మాట్లాడవలసి వచ్చిన యెడల ఎకరా లెక్క ఎవరికి కావలెను? తొట్టి లెక్క కావలెను, చెంచా లెక్క కావలెను. "లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె" అనుటకు బదులు "లీటరు సీసాకు ఒక చిన్న చెంచా, నూనె నీళ్లలో కలియుటకు కొంచెము సబ్బు నీరు" అనిన ఇల్లాలు వెంటనే అందుకొనును. ఆమెకు సొంత మిద్దె ఉన్నదా, అద్దె ఇంటిలో రెండు కుండీలకు మాత్రమే చోటున్నదా అన్నది ముందుగా అడిగి తెలిసికొనవలెను. చోటు లేనివారికి మిద్దె తోట గొప్పలు చెప్పుట ఎకసెక్కెముగా తోచును.

ఆ పక్కనే ఎర్రగడ్డ రైతు బజారు ఉన్నది. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైన నాటి నుండి రైతు కూడ వక్తయే అయినాడు. వంకాయకు మందు కొట్టిన తరువాత లేబులుపై వ్రాసిన గడువు తీరువరకు కోయరాదు. ఈ మాట తోటి రైతుతో చెప్పునపుడు సీసా చేత పట్టుకొని, దానిపై గుర్తులోని రంగు చూపవలెను: ఎరుపు మిక్కిలి విషము, తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. చదువు రానివానికి కూడ రంగు తెలియును. అదే మాట కొనుగోలుదారుతో చెప్పునపుడు సీసా చూపిన ఆమె బెదరి పోవును. "మందు కొట్టి గడువు దాటినాకనే కోసినమమ్మా" అనిన చాలును. విషయమొకటే, వినువారి భయములు వేరు.

వినువారికి తగినట్లు మాట్లాడుట యనగా వారికి ఇంపైనదే చెప్పుటయని కొందరు తలంతురు. నేను ఒప్పుకొనను. యూరియా తగ్గించుమనుట ఎవరికిని ఇంపు కాదు, అయినను చెప్పవలెను. విద్య తక్కువ వారితో మాట్లాడుటకు విద్వత్తు అడ్డము కూడ కాదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో చదివి వచ్చినవారు. 1921లో చీరాల పేరాలలో జనము ముందు నిలిచినపుడు ఆ చదువును ప్రదర్శింపలేదు. జనమెరిగిన పాటలు, పద్యములు, పలుకుబడి వాడినారు. వేలకొలది ప్రజలు ఇండ్లు విడిచి ఊరి వెలుపల రామనగరులో సుమారు 11 నెలలు కాపురముండిరి. అంతటి కష్టమునకు వారిని ఒప్పించిన మాట తేలిక మాట కాదు గదా.

మరి వినువారిని ఎరుగుట ఎట్లు? ఒక అరగంట ముందు ఊరు చేరి టీ దుకాణము వద్ద కూర్చుండుడు. ఈ యేడు ఏమి వేసినారు, బోరులో నీరున్నదా, భూమి సొంతమా కౌలా అని అడుగుడు. కౌలుదారులు ఎక్కువగా ఉన్నచోట మూడేండ్లకు గాని ఫలితమివ్వని పద్ధతిని గురించి గంటసేపు చెప్పి లాభము లేదు. సభలో "అర్థమైనదా?" అని మాత్రము అడుగవద్దు. ఆ ప్రశ్నకు "అయింది సార్" అన్న జవాబే తప్ప మరొకటి నేనెన్నడును వినలేదు. "మల్లయ్యా, నీకు ఎకరం ఇరవై గుంటలు కదా, రేపు ఎన్ని బస్తాలు తెస్తవు?" అని అడుగుడు. అతడు తప్పు చెప్పినచో మీరు సరిగా చెప్పలేదని తెలియును. మరియొక తీరున చెప్పుటకు అప్పటికింకను వ్యవధి ఉండును.

సభకు రానివారి సంగతి వేరు. నాట్ల రోజులలో పగలు 11 గంటలకు పెట్టిన సభకు నాటు వేయు స్త్రీలు రారు. ఎంత ఎడముగా నాటవలెనో, కుదురుకు ఎన్ని మొక్కలు పెట్టవలెనో భర్తలకు చెప్పి పంపుదుము. నాటునది మాత్రము వారు. వారికి చెప్పదలచిన పక్షమున గట్టు మీదికే పోవలెను, సద్ది తిను వేళకు పోవలెను. అక్కడ మైకు ఉండదు. పది నిమిషములకు మించి వినరు కూడ, ఏలనన కూలి గుత్తకు మాట్లాడుకొని యుందురు.