"సైరా" చిత్రము - పాళెగాండ్ర చరిత్ర

2019వ సంవత్సరమున గాంధీ జయంతినాఁడు వెలువడిన "సైరా నరసింహారెడ్డి" చిత్రమును మన సీమవారు వట్టి వినోదముగాఁ జూచి మఱచిపోరాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంపిణీవారు 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఉరిదీసి, ఆతని శిరస్సును 1877 వఱకు జనులు చూచి జడియునట్లు వ్రేలాడఁదీసి యుంచిరి. ముప్పదియేండ్లు మూగగా వ్రేలాడిన యా శిరస్సునకు మరల దేహమును, కంఠస్వరమును ఒసఁగుటయే యీ చిత్రముయొక్క మొదటి గుణము. సురేందరరెడ్డి దర్శకత్వమునఁ జిరంజీవి ధరించిన యీ పాత్ర యైదు భాషలలో దేశమంతటను సంచరించినది. రాయలసీమ యనఁగా కక్షలసీమయే యని పెక్కు చిత్రములు చాటుచుండఁగా, కర్షకుని పక్షమునఁ గత్తి పట్టిన సీమను ఇందుఁ జూపుట శ్లాఘనీయము.

గుణమును మెచ్చిన నోటితోనే దోషమును జెప్పవలయును. ఆ తిరుగుబాటు క్షణికావేశమునఁ బుట్టినది కాదు. పాళెము పోయి, నరసింహారెడ్డి వంతుకు మిగిలినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణము. కట్టుబడివారి మాన్యములకును సర్కారు చేయి చాఁచెను. కూడు పోయిన యా సామాన్యులే 1846లో ఆతని వెంట నడచిరి. చిత్రము ఈ లెక్కలకంటెఁ గత్తిపోట్లకే హెచ్చు చోటిచ్చినది. మానవుఁడు దేవుఁడైనచో మనకు మ్రొక్కుటయే మిగులును, అనుసరించుట యుండదు.

1857లో ఝాన్సీరాణి తన సైనికులకు ఈ కథను వినిపించినట్లు చూపుట కల్పన. కావ్యమునకుఁ గల్పన భూషణమే. దానిని బాలురు చరిత్రయని వల్లించుటయే ప్రమాదము. ఈతఁడే మొదటి స్వాతంత్ర్యవీరుఁడను ప్రచారమును అట్టిదే. కట్టబొమ్మన 1799లోనే కయత్తారున ఉరికంబ మెక్కెను. అతనిపై 1959లో వెలువడిన తమిళచిత్రము నెఱిఁగిన కుప్పమువారు ఈ మాటను ఎట్లు నమ్ముదురు? ఒక వీరుని పెంచుటకు వేఱొకని మఱచుట దేశభక్తి కాదు.

మదనపల్లె 1911 వఱకు కడప మండలములోనిదే. పుంగనూరు జమీందారీకి పీఠము. కుప్పము చెంత కంగుంది కోట యున్నది. ఈ మూఁడు పట్టణముల పఠనమందిరములవారు చిత్రము చూచి వచ్చిన యువకుల చేతికి మండలచరిత్ర నందింపవలయును. తమ యూరి వృద్ధులకుఁ దెలిసిన కోటల కథలను వ్రాయింపవలయును. చిత్రము మనలో రగిల్చిన యుత్సాహము మూఁడు గంటలది. దానిని నిలుపునది జ్ఞానమే.