తాత ఊరు కాని స్వదేశం

అమెరికాలో స్థిరపడిన గుంటూరు మనిషి ఊరి బడికి రెండు గదులు కట్టిస్తే మనమెవరమూ ఆశ్చర్యపోం. ఆ బడిలోనే ఓనమాలు దిద్దాడు, ఆ వీధిలోనే గోలీలాడాడు, మేనత్త ఇప్పటికీ అక్కడే ఉంటోంది. కానీ లాస్ ఏంజెలిస్ పక్కన గ్లెండేల్‌లో తరాలుగా ఉంటున్న ఆర్మేనియన్ ఒకాయన, ఆర్మేనియాలోని గ్యూమ్రీలో బడి కోసం చెక్కు రాశాడంటే కాస్త ఆగి ఆలోచించాలి. ఆయన తాతది గ్యూమ్రీ కాదు. ఏ ఖర్పెర్తో, మరాషో, వాన్ సరస్సు ఒడ్డున పల్లెటూరో అయివుంటుంది. అవన్నీ ఇప్పుడు టర్కీలో ఉన్నాయి. 1915లో ఒట్టోమన్ ప్రభుత్వం సాగించిన ఊచకోతలో ఆ ఊళ్ల నుంచి ఆర్మేనియన్లు తుడిచిపెట్టుకుపోయారు. చనిపోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లు అలెప్పో, బేరూత్, కైరో, మార్సెయ్, బోస్టన్ దారి పట్టారు. ఇప్పటి ఆర్మేనియా రష్యా చక్రవర్తుల ఏలుబడిలో ఉండిన తూర్పు భాగం. మాట తీరు కూడా వేరు. బేరూత్ ఆర్మేనియన్ నోరు విప్పగానే ఆర్మేనియా రాజధాని ఎరెవాన్‌లో టాక్సీ డ్రైవరు ఎక్కడివాడో పట్టేస్తాడు.

అంటే ఈ ప్రవాసుల్లో చాలామంది తమ పెద్దలెవరూ పుట్టని నేలకు డబ్బు పంపుతున్నారు. ఇచ్చి ఇచ్చి దాన్ని స్వదేశం చేసుకున్నారు. ప్రపంచంలో ప్రవాసుల దాతృత్వం గురించి ఎన్ని కథలున్నా, నాకు దీనంత విచిత్రమైంది కనిపించలేదు. ఇందులో గొప్పతనం ఉంది. ఒక చిక్కు కూడా ఉంది. ఆ చిక్కు గురించే ఈ వారం.

ముందు మన వాకిట్లో సంగతి చెప్పాలి. ఈ అలవాటు బలపడిన చోట్లలో మద్రాసు ఒకటి. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ పక్క న్యూ జుల్ఫా నుంచి ఆర్మేనియన్ వర్తకులు గోల్కొండ వజ్రాలకూ, కోరమాండల్ తీరపు నేతబట్టలకూ వచ్చారు. మచిలీపట్నంలో బేరాలాడారు. హైదరాబాదు ఉప్పుగూడలో వాళ్ల 17వ శతాబ్దపు సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. చెన్నపట్నంలో ఆర్మేనియన్ వీధి, అందులో 1772 నాటి చర్చి సరేసరి. ఆ చెన్నపట్నంలోనే షాహమిర్ షాహమిరియన్ అనే వ్యాపారి అచ్చుయంత్రం పెట్టించి, అప్పటికి ఎక్కడా లేని స్వతంత్ర ఆర్మేనియాకు 521 అధికరణల రాజ్యాంగం అచ్చువేయించాడు. పుస్తకం మీద ఉన్న సంవత్సరం 1773. దేశం వచ్చేసరికి ఇంకో నూట నలభై ఐదేళ్లు పట్టింది. 1794లో హరుత్యూన్ ష్మవోనియన్ అనే మతగురువు అదే ఊళ్లో ‘అజ్దారార్’ పత్రిక నడిపాడు. ప్రపంచంలోనే అది మొదటి ఆర్మేనియన్ పత్రిక. ఎడ్వర్డ్ రఫాయెల్, శామ్యూల్ మూరాత్ అనే ఇద్దరు మద్రాసు వర్తకులు పోతూ పోతూ రాసిపెట్టిన ఆస్తితో వెనిస్‌లో ఆర్మేనియన్ పిల్లల కళాశాల వెలిసింది. ఆ సొమ్ములో మన నేతగాళ్ల చెమట కూడా కొంత ఉండే ఉంటుంది. వాళ్లకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు.

వ్యక్తులు చేస్తున్న ఈ పనికి సంస్థ రూపం వచ్చింది కైరోలో. 1906 ఏప్రిల్‌లో బోఘోస్ నుబార్ పాషా ఇంకొందరితో కలిసి ఆర్మేనియన్ జనరల్ బెనివొలెంట్ యూనియన్ స్థాపించాడు. ఆయన తండ్రి ఈజిప్టుకు ప్రధానమంత్రిగా చేసినవాడు. మొదట్లో పెట్టుకున్న పని చాలా మామూలుది: అనతోలియాలో చితికిపోయిన రైతులకు విత్తనాలు, పనిముట్లు ఇవ్వడం, బళ్లు నడపడం. పదేళ్లు తిరక్కుండానే రైతులే లేకుండా పోయారు. 1915 సెప్టెంబరులో మూసా దాగ్ కొండ మీద ఒట్టోమన్ సైన్యాన్ని ఎదిరించి నిలబడిన 4,000 మందికి పైగా జనాన్ని ఫ్రెంచి యుద్ధనౌకలు పోర్ట్ సయీద్‌లో దించితే, ఆ గుడారాల మధ్య బడి పెట్టింది ఈ సంస్థే. అప్పటి నుంచి దాని పని అనాథలను పెంచడం అయింది.

నన్ను అడిగితే ఈ నూరేళ్ల దానాల్లో మనసులో నిలిచిపోయేది సైప్రస్‌లోని మెల్కోనియన్ విద్యాలయం. ఈజిప్టులో పొగాకు వ్యాపారం చేసిన క్రికోర్, గరబెద్ మెల్కోనియన్ సోదరులు ఆస్తిని ఈ యూనియన్ చేతిలో పెట్టారు. 1926లో నికోసియాలో బడి తెరిచారు. మొదటి విద్యార్థులంతా ఊచకోతలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు. వాళ్లు బడి ముందు ఖాళీ స్థలంలో, చనిపోయిన తమవాళ్ల జ్ఞాపకంగా మొక్కలు నాటారు. అమ్మ సమాధి ఎక్కడుందో తెలియని పిల్లవాడు అమ్మ పేరున మొక్కకు నీళ్లు పోస్తాడు. ఆ మొక్కలు అడవిగా ఎదిగాయి. ఎన్నో దేశాలకు ఆర్మేనియన్ టీచర్లనూ, పత్రికా సంపాదకులనూ ఆ బడి తయారుచేసి పంపింది. 2005లో యూనియనే దాన్ని మూసేసింది. కాలానికి తగినట్టు లేదన్నారు, ఖర్చు తట్టుకోలేమన్నారు. పూర్వ విద్యార్థులు ధర్నాలు చేశారు, కోర్టులకు వెళ్లారు. నగరం మధ్యలో ఉన్న ఆ స్థలం విలువ చూసే మూశారని అనుమానించారు. చివరికి సైప్రస్ ప్రభుత్వం ఆ స్థలాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. సంస్థ లెక్కలు సంస్థకు ఉండవచ్చు. కానీ అనాథలు నాటిన చెట్ల నీడలో నడిచే బడికి లాభనష్టాల పట్టీ రాయడానికి చెయ్యి ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు.

ఇక చిక్కు విషయం. దూరాన ఉన్నవాడి మనసులో ఒక స్వదేశం ఉంటుంది. చర్చి, కొండ, లిపి, పాట. అక్కడ బతుకుతున్నవాడికి కావలసినవి వేరు. దాత చెయ్యి సహజంగా తన మనసులోని బొమ్మ వైపే సాగుతుంది. గుళ్లో ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు రాయించే మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

1988 డిసెంబరు 7న ఉదయం పదకొండున్నర దాటాక, బళ్లూ కార్ఖానాలూ కిక్కిరిసి ఉన్న వేళ, స్పితాక్, గ్యూమ్రీ ప్రాంతం భూకంపంతో కూలింది. దాదాపు 25,000 మంది చనిపోయారు. ప్రవాసులు కదిలిన తీరు అపూర్వం. పారిస్‌లో గాయకుడు షార్ల్ అజ్నవూర్ తోటి కళాకారులను కూడగట్టి పాట రికార్డు చేసి నిధి సేకరించాడు. లాస్ వేగాస్ హోటళ్ల అధిపతి కిర్క్ కెర్కోరియన్ తన ఇద్దరు కూతుళ్ల పేర్లు కలిపి లిన్సీ ఫౌండేషన్ పెట్టాడు. తర్వాతి ఏళ్లలో ఆ డబ్బుతో ఆర్మేనియాలో రోడ్లు, ఇళ్లు, ఎరెవాన్ వీధులు బాగుపడ్డాయి. కాలిఫోర్నియా నుంచి భూకంప నిపుణులైన ఆర్మేనియన్ ఇంజినీర్లు శిథిలాలు చూడడానికి వెళ్లారు. నాసిరకంగా కట్టిన భవనాలు పేకమేడల్లా కూలిన తీరు చూశారు. వెళ్లినవాళ్లు నివేదిక రాసి ఊరుకోలేదు. యూనియన్‌నూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాన్నీ ఒప్పించి ఎరెవాన్‌లో అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ ఆర్మేనియా పెట్టారు. మొదట తెరిచిన కోర్సుల్లో భూకంప ఇంజినీరింగ్ ఒకటి. తలుపులు తెరిచిన రోజు 1991 సెప్టెంబరు 21, స్వాతంత్ర్యం కోసం జనం ఓటేసిన రోజే. తర్వాతి మూడు నాలుగు చలికాలాల్లో ఆ దేశంలో రోజుకు గంటో రెండు గంటలో కరెంటు. ఆ చీకట్లో ఒక విశ్వవిద్యాలయం బతికి బట్టకట్టడం తేలిక విషయం కాదు.

అదే గ్యూమ్రీలో ఇంకో బొమ్మ. భూకంపం తర్వాత ఇళ్లు పోయినవాళ్లకు తాత్కాలికంగా ఇనుప పెట్టెల్లాంటి గదులిచ్చారు. వాటిని అక్కడ దోమిక్ అంటారు. గది మధ్యలో కట్టెల పొయ్యి, రేకు పైకప్పు, మైనస్ ఇరవై దాకా పడిపోయే చలి. రెండేళ్లలో ఖాళీ చేయిస్తామన్నారు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా వాటిలో కుటుంబాలున్నాయి. దోమిక్‌లో పుట్టిన పిల్ల పెళ్లి చేసుకుని దోమిక్‌లోనే కాపురం పెట్టింది. పాటలు రికార్డయినప్పుడు ప్రపంచమంతా అటే చూసింది. అద్దె, పైకప్పు, నెలజీతం దగ్గరికి వచ్చేసరికి చూపు మళ్లింది. ఇలాంటి వాటికి శంకుస్థాపన ఫొటో ఉండదు.

తర్వాతి ముప్పై ఏళ్లు ప్రవాసుల మనసంతా ఆర్మేనియన్లు ఎక్కువగా ఉండిన పొరుగు ప్రాంతం కరబాఖ్ మీద. 1992లో పుట్టిన హయస్తాన్ ఆల్ ఆర్మేనియన్ ఫండ్, ఏటా నవంబరులో లాస్ ఏంజెలిస్ నుంచి టెలిథాన్ పెట్టి చందాలు వసూలు చేస్తుంది. మొదట్లో పోగైన సొమ్ములో పెద్ద వాటా ఆర్మేనియాలోని గోరిస్ నుంచి కరబాఖ్ రాజధాని స్తెపనకెర్త్‌కు వేసిన రోడ్డుకు పోయింది. తర్వాత బళ్లు, ఆసుపత్రులు, నీటి పైపులు, కరబాఖ్ ఉత్తరం నుంచి దక్షిణానికి ఇంకో రోడ్డు. అంతర్జాతీయ చట్టం ప్రకారం అది అజర్‌బైజాన్ భూభాగమన్న సంగతి దాతలకు తెలియక కాదు. కరబాఖ్ కోసం జరిగిన మొదటి యుద్ధంలో ఆ చుట్టుపక్కల జిల్లాల నుంచి లక్షల మంది అజర్‌బైజానీలు ఇళ్లు వదిలి పారిపోయారన్న సంగతి మాత్రం టెలిథాన్ తెర మీదకు రాలేదు. 2020 శరదృతువులో 44 రోజుల యుద్ధం వచ్చినప్పుడు ఫండ్‌కు సుమారు 17 కోట్ల డాలర్లు వచ్చిపడ్డాయి. అందులో 10 కోట్లకు పైగా ఆర్మేనియా ప్రభుత్వ ఖజానాకు బదిలీ అయ్యాయి. ప్రజల అవసరాలకే వాడామని ప్రభుత్వం చెప్పింది. మాకు ఒక్క మాట చెప్పకుండా ఇచ్చేశారేమిటని దాతలు మండిపడ్డారు. ఆ దెబ్బ నుంచి నమ్మకం ఇప్పటికీ పూర్తిగా కోలుకోలేదు. ఇచ్చేవాడికి ఓటు లేదు, పుచ్చుకునే మామూలు మనిషికి బోర్డులో కుర్చీ లేదు. మధ్యలో ఉన్నవాళ్లు సంతకాలు పెట్టారు.

2022 డిసెంబరులో అజర్‌బైజాన్ వైపువాళ్లు ఆర్మేనియా నుంచి కరబాఖ్‌కు ఉన్న దారిని మూసేశారు. తొమ్మిది నెలలకు, 2023 సెప్టెంబరు 19న అజర్‌బైజాన్ సైన్యం దిగింది. ఒక్క రోజులో అయిపోయింది. ఆ తర్వాత వారం పది రోజుల్లో లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు, అంటే దాదాపు అందరూ, బయటికి వచ్చేశారు. రెండు గంటల ప్రయాణానికి ముప్పై గంటలకు పైగా పట్టింది. కారు పైకప్పు మీద పరుపులు, ఒళ్లో ముసలమ్మ, డిక్కీలో దొరికినంత బట్ట. ముప్పై ఏళ్ల చందాలతో కట్టినవన్నీ వెనకే ఉండిపోయాయి. ఇలా చెప్పి ఊరుకుంటే దాతల మీద జాలిపడి ముగించవచ్చు. కానీ వాళ్లు బయటపడిన దారిలో మొదటి భాగం ఆ చందాల రోడ్డే. లాచిన్ పట్నం దగ్గర దారిని 2022లో పక్కకు మళ్లించారు గానీ, స్తెపనకెర్త్ నుంచి కొండ ఎక్కింది దాని మీదే. స్వదేశాన్ని కలపడానికి వేసిన రోడ్డు, చివరికి మనుషులు ప్రాణాలతో బయటపడడానికి పనికొచ్చింది. కాబట్టి రోడ్లు దండగ, బళ్లు మేలు అనే సులువైన తీర్పు నేనివ్వలేను.

బళ్ల మాటకొస్తే, ఎరెవాన్‌లో టూమో అనే కేంద్రం ఉంది. బేరూత్‌లో పుట్టి టెక్సస్‌లో టెలికాం వ్యాపారంతో సంపాదించిన సామ్ సిమోనియన్ 2011లో తెరిచాడు. 12 నుంచి 18 ఏళ్ల పిల్లలు బడి అయ్యాక వెళ్లి యానిమేషన్, ప్రోగ్రామింగ్, సంగీతం, రోబోటిక్స్ నేర్చుకుంటారు. పైసా కట్టక్కర్లేదు. ఆ భవనం పై అంతస్తులను కంపెనీలకు అద్దెకిచ్చి, ఆ రాబడితో కింద పిల్లల చదువు నడుపుతారు. దాత ఏటా వచ్చి మైకు పట్టుకోనక్కర్లేని ఏర్పాటు ఇది, నాకు నచ్చింది ఆ లెక్కే. స్తెపనకెర్త్‌లోనూ టూమో ఒకటి ఉండేది. ఆ భవనం పోయింది. అందులో నేర్చుకున్న పిల్లలు మాత్రం ఆ కార్లలోనే వచ్చారు.

వచ్చినవాళ్ల గతి ఇప్పుడేమిటి? 2022లో రష్యా నుంచి జనం దిగినప్పుడే ఎరెవాన్‌లో అద్దెలు ఆకాశాన్నంటాయి. ఆ పైన వీళ్లొచ్చారు. ప్రభుత్వం తలకు నెలకు 50,000 ద్రాములు ఇచ్చింది. 2025 వసంతం నుంచి చాలామందికి ఆపేసింది. వీళ్ల చేతుల్లో ఉన్న పాస్‌పోర్టులు ఆర్మేనియా ఇచ్చినవే, కానీ లోపల 070 అనే కోడు ఉంటుంది. అది ప్రయాణానికే గానీ పౌరసత్వానికి కాదని తర్వాత చెప్పారు. ఇల్లు కొనడానికి సర్కారు సాయం కావాలంటే ముందు కొత్తగా పౌరసత్వం తీసుకోవాలి. అలా తీసుకుంటే కరబాఖ్‌కు తిరిగి వెళ్లే హక్కు వదులుకున్నట్టు అవుతుందేమోనని చాలామందికి భయం. ఆ సాయం కూడా సరిహద్దు పల్లెల్లో ఇల్లు కొంటే ఎక్కువ, మిగతా చోట్ల తక్కువ. సరిహద్దు నుంచి ప్రాణాలరచేత పట్టుకుని వచ్చిన కుటుంబాన్ని మళ్లీ ఇంకో సరిహద్దుకు రమ్మంటే ఎవరు వెళ్తారు? ఉద్యోగాలు ఎరెవాన్‌లో ఉన్నాయి, ఇంటి సాయం అక్కడ సరిపోదు.

ప్రవాస సంస్థలు దుప్పట్లు పంచాయి, మందులిచ్చాయి, పిల్లలను బళ్లలో చేర్పించాయి. ఇక మిగిలింది ఏమాత్రం రంజుగా లేని పని. ప్రభుత్వం ఇచ్చేదానికీ, ఉద్యోగం దొరికే ఊళ్లో ఇంటి ధరకూ మధ్య తేడా ఎంతో లెక్కగట్టి ఆ తేడా భరించడం, అంతదాకా అద్దెకు హామీ నిలబడడం. గ్లెండేల్ ఆయనకు ఇందులో తాత ఊరు కనబడదు, కొండ మీద చర్చి కనబడదు. అపార్ట్‌మెంటు బ్లాకులో మూడో అంతస్తు కనబడుతుంది, నెలనెలా కట్టే బ్యాంకు వాయిదా కనబడుతుంది. వచ్చే నవంబరు టెలిథాన్‌లో ముందు అడగవలసింది దాని కోసమే.