సిస్టరమ్మకు చెప్పని నాలుగు మాటలు

"సూది వేసేవాళ్ళే సూదికి భయపడితే ఎట్లా?" 2021లో కర్నూలు, కడప జిల్లాల నర్సులు ఈ మాట పడని మీటింగు లేదు. కోవిడ్ తగ్గింది కానీ మాట మిగిలిపోయింది. ఇప్పటికీ టీకాల ప్రస్తావన వస్తే ఎవరో ఒకరు తేల్చేస్తారు: ఆనాడు సిబ్బంది వెనకాడారు, గట్టిగా బెదిరిస్తే దారికొచ్చారు, రేపు ఇంకో మహమ్మారి వచ్చినా అదే మందు అని. ఈ అభిప్రాయం తప్పు. మళ్ళీ అవసరం పడిననాడు మన కొంప ముంచే తప్పు.

నా సంగతి ముందే చెప్తాను. ముప్ఫై ఏళ్ళు ఏఎన్ఎంగా, ఆ తర్వాత సూపర్‌వైజరుగా పత్తికొండ, ఆలూరు వైపు పల్లెల్లో టీకాలు వేసినదాన్ని. కోవిడ్ టీకా రెండు డోసులూ, ఆపైన ప్రికాషన్ డోసూ వేయించుకున్నాను. అది ప్రాణాలు నిలిపిందనడానికి రుజువు మనకు దగ్గర్లోనే ఉంది. పెద్ద జబ్బొస్తే సీమ జనం రాయవేలూరు పోతారు కదా, ఆ సీఎంసీ ఆసుపత్రి 2021లో తన 10,600 మంది సిబ్బంది లెక్క తీసింది. రెండు డోసులు వేసుకున్నవాళ్ళకు జబ్బు సోకకుండా 65 శాతం, ఐసీయూ దాకా పోకుండా 94 శాతం రక్షణ దొరికింది. కాబట్టి టీకా వద్దనేవాళ్ళ తరఫున నేను మాట్లాడటం లేదు. టీకా మంచిదే. దాన్ని మా మెడ మీద కత్తి చేయడం మంచిది కాదంటున్నాను.

నర్సులు వెనకాడింది జబ్బు సంగతి తెలియక కాదు. కర్నూలులో రెండు రూపాయల డాక్టరని పేరుపడ్డ ఇస్మాయిల్ హుసేన్ గారు 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తోనే పోయారు. ఆ ఊరి పెద్దాసుపత్రి వార్డుల్లో పీపీఈ కిట్టు కింద చెమటలో నానుతూ డ్యూటీ చేసిన అమ్మాయిలకు జబ్బు భయం మనం నేర్పాలా? వాళ్ళు అడిగింది టీకా గురించి.

అడగడానికి కారణాలూ ఉన్నాయి. 2021 జనవరి 16న, సంక్రాంతి వెళ్ళిన రెండో నాడు, టీకా మొదలైంది. మొదటి వరుస ఆసుపత్రి సిబ్బందిదే. కొవిషీల్డా, కొవాగ్జినా అని ఎంచుకునే వీలు లేదు. సెంటరుకు ఏది వస్తే అదే. కొవాగ్జిన్‌కు అనుమతి 'క్లినికల్ ట్రయల్ పద్ధతి'లో వచ్చింది కనుక అది వేసుకునేవాళ్ళు అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలి. దాని మూడో దశ ఫలితాలు మొదటిసారి బయటికొచ్చింది మార్చి 3న. ఈలోగా జనవరిలోనే గుంటూరు జిల్లాలో టీకా వేసుకున్న ఒక ఆశా కార్యకర్త కొద్ది రోజులకే చనిపోయింది. అది టీకా వల్లనా, కాదా అన్నది కమిటీలు తేల్చాల్సిన విషయమే. కానీ అది తేలకముందే "నువ్వెప్పుడు వేసుకుంటావు?" అని ఫోన్లు మొదలైతే మనిషికి ఏమనిపిస్తుంది?

"పక్క సెంటర్లో లేని సంతకం నాకెందుకు?" అని స్టాఫ్ నర్సు అడగడం అజ్ఞానం కాదు, అది ఆమె చదువు. యాంటీబయాటిక్ ఎక్కించే ముందు ముంజేతి మీద టెస్ట్ డోసు వేసి, చుట్టూ పెన్నుతో సున్న చుట్టి, గడియారం చూస్తూ నిలబడేది ఆమె. ట్రేలో అడ్రినలిన్ ఉందని చూసుకున్నాకే సిరంజి పట్టుకునేది ఆమె. రాసిన డోసు మీద అనుమానమొస్తే డాక్టరునైనా మళ్ళీ అడగమని నేర్పించి, తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకోమంటే ఎట్లా?

టీకా వేశాక ప్రతి తల్లికీ నాలుగు మాటలు చెప్పాలని మాకు ట్రైనింగులో నేర్పుతారు. ఇది ఏ టీకా, ఏ జబ్బును ఆపుతుంది. వేశాక ఏమవుతుంది, అయితే ఏం చేయాలి. మళ్ళీ ఎప్పుడు, ఎక్కడికి రావాలి. కార్డు భద్రంగా పెట్టుకో, వచ్చేటప్పుడు తీసుకురా. ఈ నాలుగు మాటల విలువ నాకు ఆలూరు దగ్గరి ఒక పల్లెలో తెలిసింది. పెంటావాలెంట్ వేసిన రాత్రి బిడ్డకు జ్వరమొచ్చింది. రెండో డోసుకు పోతే ఆ ఇంటి అత్త తలుపేసింది. మూడోసారి పోయినప్పుడు అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తోంది. "రాత్రంతా పిల్లోడు ఏడిస్తే నువ్వొచ్చి ఎత్తుకుంటివా, సిస్టరమ్మా?" అంది. నేనూ ఓ గుప్పెడు కాయలు తీసుకుని ఒలుస్తూ, "జ్వరమొస్తాదని ముందే చెప్పకపోవడం నా తప్పేనమ్మా. ఇదిగో మాత్ర, ఇంత పట్టు, తడిగుడ్డ వెయ్యి. ఒక్క రోజులో తగ్గిపోతాది" అన్నాను. మరుసటి బుధవారం ఆమే బిడ్డను చంకనేసుకుని వచ్చింది. మందు మంచిదని వంద సార్లు చెప్పినా కదలని మనిషి, దాని ఇబ్బంది కూడా దాచకుండా చెప్పేసరికి కదిలింది.

పల్లెలో తల్లికి దక్కిన ఆ నాలుగు మాటలు 2021లో నర్సుకు దక్కలేదు. ఆమెకు దక్కింది పేర్ల జాబితా, పక్కన ఎర్ర గీత.

మినహాయింపుల కథ ఇంకా బాధాకరం. గర్భిణులకు టీకా వేయవద్దని మొదట చెప్పింది ప్రభుత్వమే. వేయవచ్చని కేంద్రం అనుమతించింది 2021 జులై 2న. మధ్యలో ఏప్రిల్, మే నెలలు, సెకండ్ వేవ్. మా వీధిలో ఉండే ఒక స్టాఫ్ నర్సుకు అప్పుడు ఐదో నెల. ఆమె పనిచేసే ఆసుపత్రి టీకా ఇవ్వలేదు, కోవిడ్ డ్యూటీ మాత్రం వేసింది. జులై వచ్చిన వారానికే "ఇంకా ఎందుకు వేసుకోలేదు, సర్టిఫికెట్ తే, లేదంటే జీతం లేని సెలవు పెట్టు" అన్నారు. జూన్‌లో నిబంధన పాటించిన మనిషి జులైలో నేరస్థురాలైంది. మారిన నిబంధనను కూర్చోబెట్టి ఆమెకు వివరించినవాళ్ళు లేరు.

బూస్టరు దగ్గరా ఇదే తంతు. 2022 జనవరి 10న ఒమిక్రాన్ ఉధృతిలో ప్రికాషన్ డోసు మొదలైంది. "నాకు మొన్ననే కోవిడ్ వచ్చిపోయింది, ఇప్పుడే వేసుకోవాలా?" అన్న నర్సును సాకులు చెప్తోందన్నారు. కోలుకున్నాక మూడు నెలలు ఆగాలన్నది కేంద్రం రాసిన నిబంధనే.

"నర్సు స్వేచ్ఛ సరే, ఆమె చేతి కింద ఉన్న రోగి సంగతేంటి?" అంటారు. ఇది బలమైన ప్రశ్న, తప్పించుకోను. వేలూరు లెక్కే మళ్ళీ చూడండి. టీకా బలమంతా వేసుకున్న మనిషి ప్రాణం కాపాడటంలో ఉంది. సోకడాన్ని అది కొంతవరకే ఆపింది. ఒమిక్రాన్ నాటికి టీకా వేసుకున్నవాళ్ళకూ వచ్చింది, వాళ్ళ నుంచి ఇతరులకూ పోయింది. రోగిని కాపాడాలంటే మంచి మాస్కు, గాలి ఆడే వార్డు, జ్వరమొచ్చిన నర్సుకు జీతంతో సెలవు కూడా కావాలి. అన్నీ వివరించాకా వద్దన్నవాళ్ళను ఐసీయూ నుంచి, డయాలసిస్ నుంచి వేరే వార్డుకు మార్చండి, అది న్యాయం. అన్నం తీసేయడం న్యాయం కాదు. బ్రిటన్ కూడా ఆసుపత్రి సిబ్బందికి 2022 ఏప్రిల్ నుంచి టీకా తప్పనిసరి అని చట్టం చేసి, అమలుకు ముందే వెనక్కి తీసుకుంది.

మన సుప్రీంకోర్టు 2022 మే 2న, జేకబ్ పులియేల్ కేసులో, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని చెప్పింది. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించింది మన తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు. ప్రజారోగ్యం కోసం ఆంక్షలు పెట్టవచ్చని, అయితే అవి అవసరానికి తగినంతే ఉండాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. అదే ఏడాది నవంబరులో, టీకా తర్వాత చనిపోయిన ఇద్దరు యువతుల తల్లిదండ్రులు పరిహారం అడిగితే, టీకా స్వచ్ఛందమే కనుక తన బాధ్యత లేదని కేంద్రం అదే కోర్టుకు చెప్పింది. వార్డులో తప్పనిసరి, కోర్టులో స్వచ్ఛందం! బలవంతం చేసే చెయ్యి భారం కూడా మోయాలి. మోయలేనప్పుడు బలవంతం చేసే హక్కు దానికి లేదు.

ఆ బెదిరింపు ఫలం 2024 వేసవిలో చూశాం. మన దగ్గర కొవిషీల్డ్ పేరుతో వేసిన తన టీకా వల్ల అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టవచ్చని ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ కోర్టులో ఒప్పుకుందన్న వార్త రాగానే "మేమప్పుడే చెప్పలేదా!" అన్నవాళ్ళు నర్సుల్లోనే ఎందరో. నిజానికి ఇది కొత్త సంగతి కాదు. పది లక్షల డోసులకు 0.61 చొప్పున అలాంటి అనుమానిత కేసులున్నాయని మన జాతీయ కమిటీ 2021 మే నెలలోనే లెక్క చెప్పింది. ఆ కాగితం నర్సు చేతిలో పెట్టి "ఇదీ ముప్పు, ఇదీ లాభం, నువ్వే చూసుకో" అనుంటే, మూడేళ్ళ తర్వాత ఆ వార్త ఆమెకు మోసంలా వినిపించేది కాదు.

నర్సు ఒంటి మీద నిజంగా శ్రద్ధ ఉన్నవాళ్ళు ఒక పని చేయండి. రక్తంలో పనిచేసే మనిషికి హెపటైటిస్ బి టీకా కావాలి, మూడు డోసులు. మీ ఆసుపత్రి రిజిస్టరు తెరిచి, కాంట్రాక్టు నర్సుల్లో ఎందరికి మూడూ పూర్తయ్యాయో చూడండి. దానికెవరూ ఎర్ర గీతలు గీయలేదు.

రేపు ఇంకో జబ్బు వస్తుంది. మళ్ళీ ఈ అమ్మాయిలే ఐస్ బాక్సు భుజాన వేసుకుని గడప గడపకూ తిరగాలి. తనకు నమ్మకం లేని సూదిని ఆమె ఎదుటివాళ్ళకు ఎట్లా నమ్మించగలదు? అందుకే ముందు ఆమెను కూర్చోబెట్టండి. ఆ నాలుగు మాటలూ ఆమెకు చెప్పండి. ఐదో మాటగా ఆమె ఏం అడుగుతుందో వినండి.