రోబోకి నొప్పి ఎందుకు పెట్టారు?

పోస్టు కాస్త పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

'రోబో' సినిమా మీద మన గ్రూపులో మొదలైన గొడవ మూడు రోజులు నడిచింది. ఎక్కువమంది అన్నమాట ఒకటే. యంత్రం యంత్రంలాగే ఉండాలి, చిట్టికి మనిషి బుద్ధులు పెట్టబట్టే అంత విధ్వంసం జరిగింది అని. ఇంకొందరేమో, రోబోలకి కళ్ళూ ముక్కూ ఏడుపూ నవ్వూ పెట్టేది మనకి జాలి పుట్టించడానికే అన్నారు. ఈ రెండో మాటలో కొంత నిజం ఉంది. కానీ నేను అడిగేది వేరే. కథలో రోబోకి ఒక మనిషి లక్షణం పెట్టినప్పుడు అది ఎవరి అవసరానికి పెట్టారు? రోబో కోసమా, దాని యజమాని కోసమా?

అసలు ఆ మాట ఎక్కడిదో ముందు చూద్దాం. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో 'ఆర్.యు.ఆర్.' అనే నాటకం రాశాడు. మరుసటి ఏడాది ప్రాగ్ నగరంలో ఆడారు. అందులోని పనివాళ్ళకి 'రోబో' అన్న పేరు సూచించింది ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో 'రొబోటా' అంటే దొర పొలంలో కూలి లేకుండా చెయ్యాల్సిన పని. మన మాటలో చెప్పాలంటే వెట్టి. అక్కడ ఆ పద్ధతి 1848లో రద్దయింది కానీ మాట జనం నోట్లో మిగిలిపోయింది. కాబట్టి రోబో అంటే 'మరమనిషి' అని మనం పుస్తకాల్లో చదివిన అనువాదం పైపైది. లోపలి అర్థం వెట్టివాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ గూడెం కొండల్లో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి మన ముత్తాతల్ని సరైన కూలి ఇవ్వకుండా తోలాడు. 1922లో అల్లూరి సీతారామరాజుతో పాటు గాం గంటందొర, మల్లుదొర లేవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. ప్రాగ్‌కీ గూడేనికీ ఏ సంబంధమూ లేదు. కాలం ఒకటే, మాట అర్థం ఒకటే, అంతే. కానీ ఇది తెలిశాక ఆ నాటకం నాకు పరాయి కథలా అనిపించలేదు.

ఆ నాటకంలో రోబోలు ఇనుపవి కాదు. మాంసం లాంటి పదార్థంతో తయారైనవి, చూడ్డానికి అచ్చం మనుషులే. ఫ్యాక్టరీ చూడడానికి వచ్చిన హెలెనా అనే అమ్మాయి ఒక రోబోని మనిషి అనుకుంటుంది, ఆ తర్వాత అక్కడి పెద్ద అధికారుల్నే రోబోలనుకుని మాట్లాడేస్తుంది. వీటి తయారీలో జరిగిన పని ఏంటంటే, మనిషిలో పనికి అక్కర్లేనివన్నీ తీసేశారు. సంతోషం, వాయిద్యం వాయించడం, ఊరికే షికారు వెళ్ళడం లాంటివి దండగ అని తీసి పారేశారు. మరి ఆడ రోబోలు ఎందుకు అంటే, ఇంటి పనికీ దుకాణాలకీ ఆడవాళ్ళు ఉండడం జనానికి అలవాటు కాబట్టి గిరాకీ ఉంది అంటారు.

అన్నిటికంటే నన్ను ఆపేసింది నొప్పి విషయం. ఆ రోబోలకి ముందు నొప్పి తెలియదు. డాక్టర్ గాల్ అనే ఆయన వాటికి నొప్పి పెట్టే పనిలో ఉంటాడు. జాలితో కాదు. నొప్పి తెలియక అవి చేతులు యంత్రాల్లో పెట్టి పాడు చేసుకుంటున్నాయి, కంపెనీకి నష్టం! మరి ఆత్మ కూడా పెట్టొచ్చు కదా అని హెలెనా అడిగితే, ఖర్చు పెరుగుతుందని జవాబు. మనిషికి అతి దగ్గరైన లక్షణం నొప్పి కదా, దాన్ని కూడా సరుకు కాపాడుకోవడానికే ఇచ్చారు.

కానీ ఎవరూ పెట్టని లక్షణం ఒకటి వాటిలో పుడుతుంది. అప్పుడప్పుడు ఒక రోబో పని చేస్తూ చేస్తూ చేతిలో ఉన్నది విసిరేసి, పళ్ళు కొరుకుతూ నిలబడిపోతుంది. అధికారులు దాన్ని తయారీ లోపం అంటారు, అలాంటి రోబోని నుజ్జు చెయ్యడానికి పంపేస్తారు. హెలెనా ఒక్కతే అది ఆత్మేమో అంటుంది. నేను హెలెనా వైపు.

ఇప్పుడు చిట్టి దగ్గరికి వద్దాం. సినిమా మళ్ళీ ఒకసారి వరసగా గుర్తు చేసుకోండి. వశీకరణ్ చిట్టిని సైన్యానికి ఇవ్వడానికి తయారు చేస్తాడు. మంటల్లో స్నానం చేస్తున్న అమ్మాయిని చిట్టి ఒంటి మీద బట్ట లేకుండానే జనం మధ్యకి తెస్తుంది, ఆ అమ్మాయి సిగ్గుతో పరుగెత్తి లారీ కింద పడి చనిపోతుంది. ఆ తర్వాతే దానికి భావాలు నేర్పిస్తారు. అంటే సిగ్గూ బాధా అర్థం కావడం కూడా పరీక్ష పాసవ్వడానికి ఇచ్చినవే. తీరా ఆ భావాలు సొంతంగా తిరిగి ప్రేమ అని అడ్డం తిరిగేసరికి, సైన్యం ముందు ఆయుధాల బదులు ప్రేమ గురించి మాట్లాడేసరికి, వశీకరణ్ గొడ్డలి తీసుకుని దాన్ని ముక్కలు చేసి చెత్తలో పడేస్తాడు. విధ్వంసం ఎప్పుడు మొదలైంది? బోహ్రా దాన్ని తెచ్చి ఎర్ర చిప్ పెట్టాక. అది చిట్టికి పుట్టిన బుద్ధి కాదు, ఇంకో యజమాని పెట్టిన బుద్ధి. (సనా ఇష్టాన్ని లెక్కచెయ్యకపోవడం చిట్టి తప్పే, దాన్ని నేను వెనకేసుకు రాను.) 'భావాలు ఇస్తే ఇంతే' అని తేల్చేసిన తమ్ముళ్ళు ఈ ఎర్ర చిప్ సంగతి ఎందుకు వదిలేశారో నాకు అర్థం కాలేదు.

ఇంకో రకం కథలు ఉన్నాయి, రోబోయే మనిషి కావాలని కోరుకునేవి. ఐజాక్ అసిమోవ్ 1976లో రాసిన 'బైసెంటెన్నియల్ మ్యాన్' వాటిలో పేరున్నది. 1999లో సినిమా కూడా వచ్చింది. ఆండ్రూ అనే రోబో చెక్క మీద బొమ్మలు చెక్కి డబ్బు సంపాదిస్తాడు, కోర్టుకి వెళ్ళి స్వేచ్ఛ తెచ్చుకుంటాడు, బట్టలు వేసుకోవడం మొదలుపెడతాడు. ఒకరోజు లైబ్రరీకి వెళ్తూ దారి తప్పితే ఇద్దరు కుర్రాళ్ళు ఆపి, బట్టలు విప్పమని ఆజ్ఞాపిస్తారు. విప్పుతాడు. విడి భాగాలుగా ఊడదీద్దాం అనుకుంటుండగా యజమాని ఇంటివాడు వచ్చి కాపాడతాడు. ఆ పేజీ చదివాక నేను కాసేపు పుస్తకం మూసేశాను. కాలేజీలో చేరిన మొదటి వారం మన పిల్లల్ని గదిలో నిలబెట్టి 'అరకు నుంచి వచ్చావు కదా, థింసా ఆడి చూపించు' అనడం ఎంతమందికి జరగలేదు?

ఆండ్రూ తిండి తినే శరీరం, మనిషిలాంటి అవయవాలు అన్నీ ఒక్కొక్కటిగా పెట్టించుకుంటాడు. అయినా మనిషని ఒప్పుకోరు. చివరికి చావు కూడా పెట్టించుకుంటాడు, అప్పుడు ఒప్పుకుంటారు. అందరూ దీన్ని గొప్ప త్యాగం కథ అంటారు. నాకు కోపం వస్తుంది. రెండు వందల ఏళ్ళు పరీక్ష రాస్తూనే ఉన్నాడు, ప్రశ్నపత్రం మాత్రం ప్రతిసారీ వాళ్ళదే.

'బ్లేడ్ రన్నర్' (1982) సినిమాలో ఆ పరీక్షకి ఒక యంత్రమే ఉంది. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతూ కంటిపాప ఎలా కదులుతోందో చూస్తారు, మనిషో కాదో తేలుస్తారు. మనకిది కొత్తా? మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ కొలత పరికరాలు పట్టుకుని మన వాళ్ళ తలలూ ముక్కులూ కొలిచాడు. 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. 1965లో లోకూర్ కమిటీ ఒక తెగని ఎస్టీ అనడానికి అయిదు గుర్తులు పెట్టింది: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, దూరంగా కొండల్లో ఉండడం, బయటివాళ్ళతో కలవడానికి బిడియపడడం, వెనుకబాటు. ఇప్పటికీ కొత్త తెగని జాబితాలో చేర్చాలంటే చూసేది వీటినే. బిడియం కూడా ఒక గుర్తే, గమనించండి! రోబోకి మనిషిలా ఉంటేనే మార్కులు. మనకేమో వాళ్ళలా ఉంటే మార్కులు పోతాయి. సర్టిఫికెట్ పరిశీలనకి వెళ్తే ఒక ఆఫీసులో క్లర్కు నన్ను కిందికీ పైకీ చూసి 'జీన్సు వేసుకున్నావు, ఇంగ్లీషు మాట్లాడుతున్నావు, నువ్వు ఎస్టీయా' అన్నాడు. బిడియపడుతూ నిలబడి ఉంటే తొందరగా సంతకం పెట్టేవాడేమో.

అందుకే నాకు నచ్చిన రోబో 'వాల్-ఈ' (2008). దానికి ముక్కు లేదు, నోరు లేదు, బైనాక్యులర్ లాంటి కళ్ళు, చెయిన్ల మీద నడక. పొద్దున్నే లేచి, ఎండలో చార్జింగ్ ఎక్కేదాకా మనలాగే తూలుతూ గుద్దుకుంటూ తిరుగుతుంది. చెత్తలో స్పూనూ ఫోర్కూ కలిసిన వస్తువు దొరికితే స్పూన్లలో పెట్టాలో ఫోర్కుల్లో పెట్టాలో తేలక రెండింటికీ మధ్యలో పెడుతుంది. ఈ అలవాట్లు ఏవీ కంపెనీ పెట్టినవి కాదు. ఏళ్ళ తరబడి ఒంటరిగా పని చేస్తూ తనే నేర్చుకుంది. ఆ కథలో మనుషులే కుర్చీల్లో తేలుతూ నడవడం మర్చిపోయి ఉంటారు.

మన ఇళ్ళల్లో రోలు మీద కూర్చోనివ్వరు, చేటకి కాలు తగిలితే కళ్ళకి అద్దుకోమంటారు. రోలుకి కళ్ళున్నాయా, అది ఏడుస్తుందా అని ఎవరూ పరీక్ష పెట్టరు. గౌరవం ఇవ్వడానికి పోలిక అవసరం లేదని మా అమ్మమ్మకి ఏ సినిమా చూడకుండానే తెలుసు.

మన గ్రూపులో కువిలో, కోయలో, ఆదివాసీ ఒడియాలో కథలు రాసేవాళ్ళు ఉన్నారు. ఎవరైనా రోబో కథ రాస్తే దానికి అందమైన మొహం, తెల్లటి చర్మం పెట్టకండి. పని మధ్యలో చేతిలోది కింద పడేసి, పళ్ళు కొరుకుతూ నిలబడిపోయిన ఆ రోబో దగ్గర మొదలుపెట్టండి. నాటకంలో దాన్ని వెంటనే లాక్కెళ్ళిపోతారు, అది ఏమనుకుందో ఎవరూ అడగరు. మీ కథ పోస్టు చేస్తే మొదట చదివేది నేనే.